ఆరో చీటీ

మా అన్న ఇంట్లో ఆదివారం చాయ్ పోసేటప్పుడు నాకు ఎప్పుడూ చివరి గ్లాసే వచ్చేది. చివరి గ్లాసంటే అడుగున పొడి పేరుకున్నది. ఏళ్ల తరబడి అదే తాగాను. తాగిన ప్రతిసారీ గుర్తుపెట్టుకున్నాను. అందుకే ఒక ఆదివారం వదిన మొట్టమొదటి గ్లాసు, పైన మీగడ కట్టినది, తెచ్చి నా చేతికి ఇచ్చినప్పుడు నాకు సంతోషం కలగలేదు. మర్యాద ఊరికే పెరగదు.

ఆ రోజుల్లో నాకున్న భయం ఒక్కటే. నా మడిగె, రోడ్డు మీదికి తెరుచుకునే ఆ ఒంటి గది దుకాణం, పోతుందేమోనని.

తొండుపల్లి దగ్గర, హైవే నుంచి లోపలికి తిరిగే రోడ్డు మీద మా అన్న ఇల్లు. మా భూమి చాలావరకు ఎయిర్‌పోర్టు గోడ లోపలికి పోగా, మిగిలిన రోడ్డు పక్క ముక్కలో మా బాపు వెనకవైపు ఇల్లు, ముందువైపు నాలుగు మడిగెలు కట్టించాడు. షట్టర్లు బిగించిన రోజు మూడో మడిగె తాళంచెవి అందరి ముందూ నా చేతిలో పెట్టి, "ఇది నా బిడ్డది, దీని జోలికి ఎవరు రావొద్దు" అన్నాడు. ఆ మాట మీదే, బాపు పోయాక అన్న సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను. మడిగె నాదని కాగితం మాత్రం ఏదీ లేదు. బాపు మాట, నా తాళంచెవి, అంతే. అందులో మిషన్ వేసుకుని బ్లౌజులు, డ్రెస్సులు కుడుతున్నాను. ఎయిర్‌పోర్టులో ఊడ్చే ఆడవాళ్ల దగ్గరనుంచి కౌంటర్లలో కూర్చునే అమ్మాయిల దాకా నా దగ్గరికే వస్తారు. మా ఆయన కార్గోలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ఆయన షిఫ్టు ఎప్పుడు మారుతుందో ఆయనకే తెలియదు. మా ఇంట్లో ప్రతిరోజూ ఒకే వేళకు తెరుచుకునేది ఆ షట్టర్ ఒక్కటే.

ఆదివారం మధ్యాహ్నం అన్న ఇంట్లో పుస్తకాల ఆట ఆడేవాళ్లం. ఆ ఆట తెచ్చింది మా తమ్ముడి భార్య, నా మరదలు. ఆమెది కోస్తా. టీచరు. తమ్ముడూ ఆమే అన్న ఇంట్లోనే పై అంతస్తులో ఉంటారు. పెళ్లైన కొత్తలో నేను "గిట్ల పట్టుకో" అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అది నేను మర్చిపోలేదు. కానీ ఆట మంచిదే, కాదనను.

పుస్తకాలు తెచ్చేది తమ్ముడు. అతను ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. జనం వెనక సీట్లో గొడుగులు, చార్జర్లు, పిల్లల బూట్లు, పుస్తకాలు మర్చిపోతారు. ఫోన్ చేస్తే చార్జర్ కోసం వెనక్కి వస్తారు గానీ పుస్తకం కోసం ఎవరూ రారు. "ఉంచుకో తమ్ముడూ" అంటారు. అలా పోగైన తెలుగు నవలలు అన్న ఇంట్లో షోకేసు కింద అరలో ఉండేవి. దాదాపు అన్నీ సగంలో ఆగిపోయినవే. మధ్యలో ఎక్కడో బోర్డింగ్ పాసు ముక్క గుర్తుగా ఉంటుంది. ఆ మనిషి అక్కడిదాకా చదివి, దిగి, ఎటో ఎగిరిపోయాడు. నాకు ఆ పుస్తకాలు ముట్టుకోవడం మొదటినుంచీ పెద్దగా ఇష్టం ఉండేది కాదు.

ఆట ఇట్లా. ఒకరు పుస్తకం తీసి అట్ట చూపించి, వెనక రాసి ఉన్నది చదువుతారు. మిగిలినవాళ్లం ఆ కథ ఏ వాక్యంతో మొదలై ఉంటుందో ఊహించి, పుస్తకంలో అచ్చైనట్టే చీటీ మీద రాసివ్వాలి. చదివేవాళ్లు పుస్తకంలోని అసలు మొదటి వాక్యాన్ని ఇంకో చీటీ మీద రాసి, అన్నీ కలిపి, ఒకే గొంతుతో, ఎక్కడా తేడా తెలియకుండా చదవాలి. ఏది అసలుదో మేం చెప్పాలి. అందరికీ గిన్నెల్లో చింతగింజలు ఉంటాయి. ముందు గింజ చాప మీద పెట్టి, తర్వాతే చెప్పాలి. అసలుది పట్టుకుంటే మన గింజ మనకు తిరిగొస్తుంది, బహుమానంగా ఇంకొకటి వస్తుంది. తప్పు చెబితే, ఎవరి అబద్ధాన్ని నమ్మామో వాళ్లు "నాదే" అని చెప్పి మన గింజ తీసుకుంటారు. ఆ "నాదే" అనడంలోనే ఆట మజా అంతా. ఎదుటివాడిని మోసం చేశానని చెప్పుకోకుండా ఉండగలిగే మనిషి మా ఇంట్లో లేడు.

ఇంకో సంగతి. ఆ ఇంటి మీదుగా విమానాలు కిందుగా పోతాయి. వచ్చినప్పుడు షోకేసు అద్దం గలగలమంటుంది, ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. చదివేవాళ్లు వాక్యం మధ్యలోనైనా సరే ఆగి, అది పోయాక అక్కడినుంచే ఎత్తుకోవాలి. మా ఆటకు అది నియమం.

ఎవరు ఏం రాస్తారో నాకు కంఠస్థం. అన్న వాక్యంలో వాన పడకుండా ఉండదు. వదిన వాక్యంలో పెళ్లో వంటో ఉంటుంది. తమ్ముడు ఎవరినో ఒకరిని బండి ఎక్కిస్తాడు, లేదా దింపుతాడు. నా వాక్యాల్లో ఎప్పుడూ ఎవరికో అన్యాయం జరిగి ఉంటుందని వదిన అంటుంది. అది నిజం కాదు. కొన్నిసార్లే.

పట్టుకోవడంలో అందరికంటే మొద్దు మా అన్న. పొడుగాటి వాక్యం ఏది వినిపిస్తే దాన్నే అసలుదంటాడు. ఎందుకని అడిగితే, "పుస్తకం రాసెటోడు పొట్టిగ ఎందుకు రాస్తడు? ఆనికి ఇంకో పనేమున్నది?" అంటాడు. ఆ నమ్మకం వల్ల ఎన్ని గింజలు పోయినా మార్చుకోలేదు.

మొదట మూసింది చివరి మడిగెలో పంక్చర్ షాపు. తర్వాత రీచార్జి దుకాణం. ఒక ఉదయం చూస్తే నా పక్కనున్న జిరాక్స్ షాపు షట్టర్ కూడా దించి ఉంది, లోపల మిషన్లు లేవు, గోడకు మేకులు మాత్రం ఉన్నాయి. వరసలో నాది ఒక్కటే తెరిచి ఉండేది. కుడి పక్కనుంచీ ఎడమ పక్కనుంచీ ఏ చప్పుడూ రాకపోతే నా మిషన్ చప్పుడు నాకే కొత్తగా వినిపించేది.

అన్నను అడిగాను. నేను అడిగే మనిషిని. వీధి దీపం వెలగకపోయినా, నీళ్ల ట్యాంకర్ ఆలస్యమైనా వెళ్లి అడుగుతాను. అందుకే ఆఫీసుల్లో నన్ను చూడగానే కుర్చీలు ఖాళీ అవుతాయి. "అక్కకు వీలు దొరికితే విమానం చప్పుడు మీద కూడ ఫిర్యాదు పెడ్తది" అని తమ్ముడి ఎకసక్కెం.

"వాళ్లందరు ఎందుకు పోయిండ్రన్నా?"

"నడుస్తలేదు, పోయిండ్రు. నీకు అన్నిట్ల అనుమానమే చెల్లె."

ఎక్కడా తొట్రుపాటు లేదు. చీటీ చదివినట్టు చెప్పాడు.

ఆ వారంలోనే ఎయిర్‌పోర్టులో ఊడ్చే ఒకామె బ్లౌజు గుడ్డ తెచ్చి, "అక్కా, ఇది జర తొందరగ కుట్టి ఇయ్యి. నువ్వు పోతున్నవంట గదా" అంది.

"నేనేడికి పోత? ఎవరు చెప్పిండ్రు?"

"ఏమో, అనుకుంటున్నరు" అని గుడ్డ అక్కడ పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్లిపోయింది. సాయంత్రం షట్టర్ దించుతుంటే పక్క గోడ మీద సుద్దతో గీసిన గీత కనిపించింది. అది మూసిన రెండు మడిగెల మీదుగా వచ్చి, నా మడిగె మీదుగా పోయి, చివరి మడిగె అవతలి మూల దాకా ఉంది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. నా తలుపు అక్కడ లేనట్టే గీశారు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారమే వదిన మీగడ చాయ్ ఇచ్చింది. గోడకు ఆనుకునే మంచి దిండు కూడా నాకే ఇచ్చింది. నలభై దాటినా నన్ను "పిల్లా" అని పిలిచే మనిషి ఆ రోజు "ఏమమ్మా, అలిసినట్టున్నవ్" అంది. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను. తమ్ముడు నా వైపు చూడలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మనిషి గింజల గిన్నెలో వేలు పెట్టి తిప్పుతూ ఉన్నాడు.

చదివే వంతు మరదలిది. తీసిన పుస్తకం అట్ట మీద పాత మేడ, దాని ముందు ఎర్ర చీరలో ఒకావిడ, నడుముకు తాళాల గుత్తి. మరదలు వెనక అట్ట చదివింది. ఏళ్లుగా మేడను కనిపెట్టుకుని ఉన్న స్త్రీ కథ అట, ఆమెకు తెలియని నిజమేదో ఆ మేడలో ఉందట. మేం నలుగురం రాసి చీటీలు మడిచి ఇచ్చాం. మరదలు అటు తిరిగి ఏదో రాసుకుని, అన్నీ కలిపి, గొంతు సవరించుకుంది.

"'వాన మొదలయ్యేసరికి మేడ మెట్ల మీద ఎవరూ లేరు.'"

అన్న. నేను నవ్వు ఆపుకున్నాను.

"'పెళ్లివారు వచ్చేశారు గానీ వంటవాడు ఇంకా రాలేదు.'"

వదిన.

"'నన్ను ఒక్క మాట అడగకుండానే మేడకు రంగు వేయించారు.'"

అది నాది.

"'తాళంచెవి ఆమె కొంగుకే ఉంది...'"

అప్పుడు విమానం వచ్చింది. మరదలు ఆగింది. చీటీని రెండు చేతులతో పట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది. అద్దం గలగలలాడింది. విమానం పోయేదాకా చేసేదేమీ ఉండదు కనక నేను ముఖాలు చూశాను. అన్న నవ్వుతూ ఉన్నవాడు నవ్వు ఆపలేదు, కానీ ఆ నవ్వు ముఖం మీద అలాగే ఆరిపోయి ఉంది. వదిన చేతిలో చాయ్ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగింది. తమ్ముడు తలెత్తి మొదటిసారి నన్ను చూసి, వెంటనే దించుకున్నాడు. ఆ విమానం ఎందుకో చాలాసేపు పోలేదనిపించింది.

చప్పుడు తగ్గాక మరదలు అదే గొంతుతో ఎత్తుకుంది. "'...కానీ తలుపు అప్పటికే ఇంకొకరికి మాటిచ్చేశారు, ఆ సంగతి ఆ ఇంట్లో ఆమెకు తప్ప అందరికీ తెలుసు, ఆమె మాత్రం రోజూ వచ్చి తాళం తీస్తూనే ఉంది.'"

తర్వాత ఇంకో రెండు చదివింది. బస్సు దిగిన మనిషి మేడ ఎక్కడని అడిగితే అందరూ ఇంకో వైపు చూపించారని ఒకటి. తమ్ముడిదే, సందేహం లేదు. ఆఖరిది, "'మా మేడలో గడియారాలు ఉండేవి కావు.'"

గింజ పెట్టడం పెద్ద చిన్న వరసలో. అన్న ముందు. అన్ని వాక్యాల్లోకీ పొడుగాటిది తాళంచెవి వాక్యం. అన్న దాన్ని ఎంచుకోలేదు. గింజ పెట్టి, "బస్సు" అన్నాడు. అన్నేళ్లలో అన్న పొట్టి వాక్యం ఎంచుకోవడం అదే మొదలు. వదిన వానకు పెట్టింది. నాకు మాత్రం తాళంచెవి వాక్యమే పుస్తకం వాక్యంలా వినిపించింది. మాటలు పద్ధతిగా ఉన్నాయి, మా ఇంట్లో అట్లా రాసేవాళ్లు లేరు. నా గింజ దానికి పెట్టాను. తమ్ముడు చివర్లో గడియారాలు అన్నాడు.

"గడియారాలే అసలుది" అంది మరదలు.

తమ్ముడు తన గింజతో పాటు బహుమానం గింజ తీసుకున్నాడు. "నాదే" అని అన్న గింజ కూడా తీసుకున్నాడు. వదిన గింజ అన్న తీసుకున్నాడు. నా గింజ చాప మీద ఉండిపోయింది.

"నాది ఎవరిది?" అన్నాను.

గింజ వైపు ఒక్క చెయ్యీ రాలేదు.

"అరే, తీసుకోండి. మోసపోయిన గదా. ఎవరిదది?"

"నేను గాదు" అన్నాడు తమ్ముడు. అతన్ని ఎవరూ అడగలేదు.

అన్న తమ్ముడి వైపు చూస్తున్నాడు. అట్లా చూడటం చిన్నప్పుడు ఒక్కసారే చూశాను, ఎవరో చాడీ చెబితే అన్న బాపు చేతిలో దెబ్బలు తిన్న రోజు. వదిన లేచి, చీటీలన్నీ ఊడ్చినట్టు తీసి, చాయ్ ఒలికిన పళ్లెంలో పడేసింది. సిరా కరిగిపోయింది. "ఎవలో ఒకలు రాసిండ్రు తీ. ఆటకే గదా. ఇంకో బుక్కు తియ్యుండ్రి" అంది.

ఇంకో పుస్తకం ఎవరూ తీయలేదు. నా గింజ అక్కడే ఉంది. తన అబద్ధం గెలిచినా "నాదే" అనని మనిషి మా ఇంట్లో ఎవరని చూస్తూ కూర్చున్నాను. అప్పుడు వేళ్లు మడిచాను. లెక్కపెట్టడం నాకు అలవాటు, దానికి అందరూ నన్ను వెక్కిరిస్తారు. వాన అన్నది. పెళ్లి వదినది. రంగు నాది. బస్సు తమ్ముడిది. గడియారాలు పుస్తకానివి. రాసింది నలుగురం, పుస్తకంతో ఐదు. మరదలు చదివింది ఆరు.

చదివేవాళ్లు సొంత అబద్ధం రాయకూడదు. ఆ నియమం మాకు నేర్పింది ఆమే.

గ్లాసులు తీసుకుని మరదలు వెనక నల్లా దగ్గరికి వెళ్లింది. నా గ్లాసు పట్టుకుని నేనూ వెళ్లాను.

"ఆరు చదివినవ్" అన్నాను.

నీళ్లు వదిలి, చప్పుడు బాగా అయ్యేటట్టు తిప్పింది. "మీరు లెక్కపెడతారని తెలుసండీ వదినగారూ. ఇంకెవరూ పెట్టరు."

"నోటితోని చెప్పొచ్చు గదా నాకు."

"బావగారు మా ఇద్దరిచేతా మా పాప తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నారండీ, మీతో చెప్పకూడదని. చెప్పనని ఒట్టు వేశాను. చదవనని వేయలేదు."

గ్లాసు కడిగిందే మళ్లీ కడుగుతోంది.

"ఎవరికి మాటిచ్చిండు?"

"లాడ్జి కట్టేవాళ్లకండీ. విమానాలు ఎక్కేవాళ్లు దిగడానికి. నాలుగు మడిగెలూ పడగొట్టి ముందువైపంతా వాళ్లకే. బుధవారం పొద్దున కొలతలకు వస్తున్నారు. మీతో షట్టర్ రిపేరు అని చెప్పి సామాను తీయిస్తారు. ఒకసారి తీశారంటే మళ్లీ లోపలికి రానివ్వరండీ."

"నా తమ్మునికి తెలుసా?"

"మీకు చెప్తాననే ప్రతి ఆదివారం అంటున్నారు. మీ ముఖం చూస్తే నోరు రావట్లేదట ఆయనకి."

వెనకనుంచి వదిన గొంతు వినిపించింది. "ఏంది, నల్లా దగ్గెర ఇద్దరు ఏం ముచ్చట పెట్టిండ్రు?"

"గ్లాసుకు పొడి అంటుకున్నది వదినా, కడుక్కుంటున్న" అన్నాను. ఆ రోజు గ్లాసులో పొడి లేకపోయినా, అన్నేళ్ల పొడికి పని దొరికింది.

మరదలికి నేను మంచి మాట ఒక్కటీ చెప్పలేదు. చెప్పాల్సింది. కానీ పెళ్లైన కొత్తలో నవ్విన నవ్వు నవ్విందే కదా. ఆ రెండూ నా దగ్గర విడివిడిగానే ఉన్నాయి, ఒకదానితో ఒకటి చెల్లిపోవు.

బుధవారం మామూలు కంటే పెందలాడే షట్టర్ ఎత్తాను. కటింగ్ టేబుల్‌ను ద్వారానికి అడ్డంగా జరిపి, దాని వెనక మిషన్ పెట్టుకుని కూర్చున్నాను. అంతకుముందు రెండు రోజులూ మా ఆయన మీటర్లనీ వకీళ్లనీ ఏవేవో సలహాలు ఇచ్చాడు. కొన్ని విన్నాను, కొన్ని వినలేదు. ఏవి విన్నానో ఇక్కడ రాయను.

అన్న వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు, ఒకరి చేతిలో కొలిచే టేపు. వాళ్లు నన్ను చూడలేదు, నా తల మీద గోడ చూశారు.

"చెల్లె, నెల దినాలు సామాను ఇంటికాడ పెట్టుకో. షట్టర్లు మార్పిస్తున్న, రంగులు గిట్ల ఏపిస్తున్న. మల్ల నువ్వే వచ్చి కూసుందువు."

నేను మిషన్ ఆపలేదు. చేతిలో ఉన్నది ఒక బ్లౌజు చెయ్యి, అది పూర్తయ్యేదాకా కుట్టాను. తర్వాత దారం తెంపి, మరదలు చదివే గొంతు ఎట్లా ఉంటుందో గుర్తు చేసుకున్నాను. ఎక్కడా ఎక్కువ తక్కువలు ఉండకూడదు. పుస్తకంలో అచ్చైనట్టు ఉండాలి.

"అన్నా, మూడు మాటలు చెప్త. మూడిట్ల ఒక్కటే నిజం. ఏదో నువ్వే చెప్పు."

"ఏంది?"

"ఒకటి. ఈ మడిగె కరెంటు మీటరు నా పేరు మీదికి వచ్చింది. రెండు. బాపు నా చేతుల తాళంచెవి పెట్టిన దినం మిషన్ దింపనీకి వచ్చిన ఆటో ఆయన ఫోన్ల వీడియో తీసిండు, బాపు అన్న మాట, నువ్వు పక్కన నిలబడి తల ఊపుడు అంత అండ్ల ఉన్నది, మొన్న ఆయన బిడ్డ లంగ కుట్టియ్యనీకి వచ్చినప్పుడు పాత ఫోన్ల దొరికిందని నాకు పంపిండు. మూడు. నేను వకీలును కలిసిన."

టేపు మనిషి అన్న వైపు తిరిగాడు. అన్న నన్నే చూస్తున్నాడు. ఆదివారం చాప మీద కూర్చుని చూసినట్టే, వాక్యాలను లోపల తూకం వేస్తున్నట్టు. మా అన్న ముఖం నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. ఏది ఎంచుకుంటాడో తెలుసు.

"ఆట అనుకుంటున్నవా?" అన్నాడు.

"నేను అనుకోలే. నా ఎనకాల మీరే ఆడిండ్రు."

"వీడియో చూపియ్" అన్నాడు.

"ముందుగాల గింజ పెట్టన్నా."

అన్న నవ్వలేదు. గోడ మీది సుద్ద గీతను వేలితో తుడిచాడు, నా తలుపు ఉన్న మేర మాత్రమే. వేలికి అంటిన సుద్దను చూసుకున్నాడు. "ఇయ్యాల వద్దు తీ" అని ఆ మనుషులతో అన్నాడు. ముగ్గురూ వెళ్లిపోయారు. మూడింటిలో నిజమేదో ఇక్కడ కూడా చెప్పను. నేను రాస్తున్న ఈ పుస్తకం ఎప్పుడో ఒకరోజు ఆ ఇంట్లోకి వెళుతుంది.

తర్వాతి ఆదివారం నన్ను ఎవరూ పిలవలేదు. పిలవకపోవడాన్ని కూడా గుర్తుపెట్టుకుని, వెళ్లాను. నేను వెళ్లకపోతే ఆ మడిగె మీద నా నమ్మకం పోయిందనుకుంటారు. వదిన చాయ్ తెచ్చింది. నాకు చివరి గ్లాసు, అడుగున పొడి. ఎన్నో రోజుల తర్వాత ప్రాణం కుదుటపడినట్టు తాగాను.

మరదలికి ఆ రోజు చదివే వంతు రాలేదు. మూలన కూర్చుంది, నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు. ఆ ఆరో చీటీ ఎవరు రాశారో అన్నకు ఇంకా తెలియదు. తమ్ముడే అనుకుంటున్నాడని వాళ్లిద్దరి మధ్య ఖాళీగా ఉన్న చాప చూస్తే తెలిసింది. తమ్ముడు ఆ నింద మోస్తున్నాడు. అది అతని పద్ధతి. చెప్పాల్సింది చెప్పలేడు, పడాల్సింది పడతాడు.

వదిన పుస్తకం తీసి చదివింది. మేం రాసిచ్చాం. అన్న చాలాసేపు రాశాడు. రాసి, మడిచి, ఇవ్వబోయి, మళ్లీ విప్పి చూసుకుని ఇచ్చాడు. అన్న అంత జాగ్రత్తగా రాయడం నేను ఎప్పుడూ చూడలేదు.

వదిన చదవడం మొదలుపెట్టింది. నేను వాన కోసం వింటూ కూర్చున్నాను. ఒక వాక్యంలో లారీ వెళ్లింది. ఒక వాక్యం నాది. ఒకటి మరదలిది, ఆ పద్ధతిగా పేర్చిన మాటలు ఇప్పుడు నేను ఎక్కడైనా గుర్తుపడతాను. ఇంక రెండు మిగిలాయి. ఒకటి పొడుగ్గా ఉంది, ఒక నదినీ దాని ఒడ్డున ఊరినీ వర్ణిస్తూ, ముగ్గురి పేర్లతో. ఇంకోటి పొట్టిది. "'తొందరేం లేదు, ఇల్లు ఎక్కడికీ పోదు, అన్నాడు అతను.'" ఎందులోనూ వాన పడలేదు.

పొడుగుది అన్న రాసి ఉంటాడనుకున్నాను. పొడుగు అంటే అతనికి నమ్మకం కదా, నన్ను దానితోనే పట్టాలనుకుంటాడు. పొట్టిదాని మీద గింజ పెట్టాను.

విమానం వచ్చింది. అద్దం గలగలలాడింది. ఎవరూ మాట్లాడే వీలు లేదు. ఆ చప్పుడులోనే అన్న ముందుకు వంగి, నా కళ్లలోకి చూస్తూ, "నాదే" అన్నట్టు పెదాలు కదిపి, చాప మీదినుంచి నా గింజ తీసుకున్నాడు.